తీగల వంతెన మీంచి చెరువు లోతు

మాదాపూర్‌లో, సైబర్ టవర్స్‌కు కూతవేటు దూరంలో ఉన్న ఒక అపార్టుమెంటు సెల్లార్‌లో 1978 నాటి మార్క్ 3 అంబాసిడర్ ఉండేది. భీమవరం నుంచి తండ్రే నడుపుకుంటూ వచ్చి, తాళాలు కొడుకు చేతిలో పెట్టి, రైలెక్కి వెళ్లిపోయాడు. కొడుకు సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. వారమంతా ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టేవాడు. ఆదివారం వస్తే ఆ బండి కింద దూరేవాడు.

ఒక ఆదివారం బానెట్ కింద టకటక మొదలైంది. "టాపెట్లు కొట్టుకుంటున్నయ్ సార్" అన్నాడు వాచ్‌మన్.

ఆ 1489 సీసీ ఇంజిన్‌లో వాల్వులు ఎనిమిది. ఒక్కో వాల్వు కాడ కొనకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య అంగుళంలో వెయ్యింట 15 వంతుల సందు ఉండాలి. మెకానిక్కుల భాషలో పదిహేను థౌ, మిల్లీమీటర్లలో 0.38. వేడికి ఇనుము సాగుతుంది కాబట్టి ఆ జాగా. అది పెరిగితేనే ఆ టకటక.

ఇంజినీరు మూడు పనిముట్లు తెప్పించాడు. ఒకటి మామూలు ఫీలర్ గేజి, అంటే సందులో దూర్చి కొలిచే పలుచని రేకు. రెండోదీ ఫీలర్ గేజే గానీ, రేకు కొన సన్నంగా, వెనక మందంగా మెట్టు కట్టి ఉంటుంది. కొన దూరి మెట్టు ఆగితే సందు సరిగ్గా ఉన్నట్టు. మూడోది లాక్ నట్‌నూ, దాని నడుమ ఉండి సందును పెంచి తగ్గించే స్క్రూనూ ఒకేసారి పట్టే పిడి. సందు పూర్తిగా మూసి, వెనక్కి తిప్పుతూ టిక్కులు లెక్కపెట్టాలి. అది ఆటబొమ్మలా తోచి, డబ్బాలోనే ఉంచేశాడు.

తొమ్మిది లెక్క అతనికి భలే నచ్చింది. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోదాన్ని సరిచేయాలి, ఏడోది తెరుచుకుంటే రెండోదాన్ని. ఏ జత కూడినా తొమ్మిదే. స్క్రూ డ్రైవర్‌తో స్క్రూను కదలకుండా పట్టి, పానాతో నట్టు బిగించి, మళ్లీ రేకు దూర్చి చూశాడు. ఎనిమిదింటికీ పదిహేనే. బండి స్టార్ట్ చేశాడు. టకటక అలాగే ఉంది.

మెట్టు రేకుతో చూశాడు. అదీ పదిహేనే అంది. విసిగిపోయి సందు తగ్గించాడు. పన్నెండు, పది, చివరికి ఆరు. చప్పుడు ఆగింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

కొన్ని నెలలకు అనంతగిరి ఘాట్‌లో బండి ఎత్తు ఎక్కలేక మొరాయించింది. కొండాపూర్‌లో వేపచెట్టు కింద షెడ్డు నడిపే ఉస్తాద్ దగ్గరికి తాడు కట్టి లాక్కొచ్చారు. హెడ్డు విప్పితే ఒక ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోయి ఉంది.

"ఆరు ఎవరు పెట్టిన్రు సార్?"

"నేనే ఉస్తాద్. అప్పుడే కదా చప్పుడు ఆగింది."

"ఒక్కటి మొత్తుకుంటే ఎనిమిదింటి గొంతు పిసికిన్రు. సందు లేకుంటే వాల్వు పూరా మూసుకోదు. సీటు మీద కూసుంటెనే దాని వేడి దిగుతది. కూసోనియ్యకపోతే కాలక ఏం జేస్తది?"

"మరి రేకు పదిహేను చూపించిందే!"

ఉస్తాద్ మూడో రాకర్ తీసి, దాని కొన మీద ఇంజినీరు వేలు పెట్టి రుద్దించాడు. గోరుకు చిన్న గుంట తగిలింది. నలభై ఏళ్లు పైబడిన ఒరిపిడికి, వాల్వు కొన ఆనినంత మేర అరిగిన గుంట.

"మీ రేకు గుంట అంచుల మీద పండుకున్నది, లోపటికి దిగలేదు. దుర్గం చెరువు మీద తీగల వంతెన ఎక్కి పోయినోనికి చెరువు లోతు ఎర్కైతదా సార్?"

వాల్వు మార్చి, సీటు రుద్ది, హెడ్డు బిగించాక ఉస్తాద్ డబ్బాలో తళతళలాడే పిడిని చూశాడు. "ఇదేంది?" ఇంజినీరు చెప్పాడు. ఉస్తాద్ రెండుసార్లు తిప్పి టిక్కులు విన్నాడు.

"ఇది సందుల దూరదు. స్క్రూ తిరిగిన లెక్కే చెప్తది. గుంట ఉన్నా మోసపోదు. కొత్త రాకర్ దొరికేదాంక మూడోదానికి ఇదే వాడుదాం. తక్కినయి బాగున్నయ్, వాటికి నా పాత రేకు చాలు."

బండి స్టార్టయింది. చెవి పెడితే సన్నగా, సమంగా టిక్ టిక్.

"ఇంకా చప్పుడుంది ఉస్తాద్."

"గంత ఉండనియ్యండి సార్. ఇంట్ల మనుషులున్నట్టు తెలుస్తది."

నీతి: రేకు అబద్ధమాడలేదు, తనకు తగిలినంతే చెప్పింది. పనిముట్టు ఖరీదునూ వయసునూ పక్కనపెట్టి, అది పనిని ఎక్కడ తాకుతుందో చూసి ఎంచుకో. కొలతకూ చెవికీ పొసగనప్పుడు అంకె మార్చి చెవిని ఊరుకోబెట్టకు. ముందు కొలిచే చోటును వేలితో తడుము.