సుగ్గి నెలలో తీర్మానముల లెక్క

ధ్యాన భాగములు: హగ్గయి 1:1 – 2:9, లేవీయకాండము 23:39–43



డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మోకరించి చేసిన తీర్మానములకు ఇప్పుడు నెల దాటినది. ఇతర ప్రాంతముల సంఘములకు ఇది సాధారణమైన నెలయే. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపట్ల పల్లెలవారికి మాత్రము బ్రదుకు తారుమారగు నెల. పత్తి తీత ముగియును. తుంగభద్ర దిగువ కాలువ మన సీమగుండ పారుచున్నను, దాని నీరందని చేలు వానను నమ్ముకొన్నవే. వాటిలో ఇక పని యుండదు. జనులు మూటలు కట్టుకొని, తలుపులకు తాళములు వేసి, గుంటూరు సీమలో మిరపకాయలు కోయుటకు సుగ్గికి పోవుదురు. దేవాలయములో సగము చోటు ఖాళీ.

ఇట్టి నెలలో “నీ తీర్మానమేమైనది?” అని అడుగుట న్యాయమా? దినదినము కుటుంబ ప్రార్థన చేయుదుమన్న యింట తలిదండ్రులు మిరప చేని గట్టున డేరాలో నున్నారు. అవ్వ యొక్కతెయే ఇక్కడ నున్నది. త్రాగనని మాట యిచ్చినవాడు దినమంతయు ఎండలో వంగి కోసి, సాయంకాలము కూలి డబ్బు చేతబట్టుకొని, సంఘస్థులెవరి కంటను పడని చోట నిలిచియున్నాడు. బిడ్డను బడి మాన్పింపనని దేవునియెదుట పలికిన తల్లి ఆ బిడ్డను ఎవరియొద్దను విడువలేక వెంట తీసికొనిపోయినది. వీరిని దూరమునుండి తప్పుపట్టుట సులభము.

హగ్గయి గ్రంథములోని తేదీలను ఒకసారి వరుసగా చూడుడి. మనము తేదీలను దాటవేసి చదువుదుము గాని, ఈ ప్రవక్త విషయములో వాటిలోనే సంగతి యున్నది. దర్యావేషు ఏలుబడిలో రెండవ సంవత్సరము, అనగా క్రీ.పూ. 520. ఆరవ నెల మొదటి దినమున వాక్కు వచ్చెను. అదే నెల ఇరువది నాలుగవ దినమున జనులు లేచి, ఏండ్ల తరబడి నిలిచిపోయిన మందిరపు పని మొదలుపెట్టిరి. మరల వాక్కు వచ్చినది ఏడవ నెల ఇరువదియొకటవ దినమున. నెల నిండకమునుపే దేవుడు వారి తీర్మానమును చూడవచ్చెను.

ఆ ఇరువదియొకటవ దినము ఎట్టిది? ఏడవ నెల పదునైదవ దినమున పర్ణశాలల పండుగ మొదలగును. ఏడు దినములు ఇండ్లు విడిచి కొమ్మలతో కట్టిన పాకలలో నుండవలెనని ధర్మశాస్త్రము. కాబట్టి ఇరువదియొకటవ దినము జనులు పాకలలోనుండు కడపటి దినము. ఇంటిలో స్థిరముగా కూర్చుండువరకు దేవుడు ఆగలేదు. అంతవరకు జరిగిన పనియు కొంచెమే. పూర్వపు మందిరమును చూచిన వృద్ధుల కన్నులకు అది ఏమియు లేనట్లే యుండెను. దేవుడు ఆ కొరతను దాచలేదు, తానే పేరెత్తి అడిగెను. అడిగి వారిని గద్దింపలేదు. ధైర్యము తెచ్చుకొని పని జరుపుడనియు, తాను వారితోనే యున్నాననియు చెప్పెను.

మరి మొదటి గద్దింపు ఎవరిమీదికి వచ్చినది? ఆ మాట అధికారియైన జెరుబ్బాబెలుకును ప్రధానయాజకుడైన యెహోషువకును పంపబడినది. మందిరము పాడైయుండగా పలకలు వేసిన చక్కని యిండ్లలో కాపురముండుట సరియా అని అడిగినది. చిల్లుల సంచిలో కూలి వేసికొను కష్టమును గూర్చి కూడ ప్రవక్త చెప్పెను, నిజమే. అయినను ఆ అధ్యాయమును చేతబట్టుకొని, కరవు మీ పాపమువలననే వచ్చినదని కూలివారికి బోధించుట నాకు సమ్మతము కాదు. ఈ నెలలో లెక్క మొదట అడుగవలసినది ఊరిలో నిలిచియున్న మనలను: నెల జీతము గలవారిని, అంగడి గలవారిని, మిద్దె యిల్లు గలవారిని.

ఏలయనగా ఆ తల్లి తీర్మానము ఆమె యొక్కతె వలన నెరవేరునది కాదు. బిడ్డ బడికి పోవలెనన్న రాత్రి పడుకొనుటకు ఒక చోటు, ఉదయము ఒక ముద్ద, పలుకరించుటకు ఒక పెద్దదిక్కు కావలెను. వలసపోయినవారి పిల్లలకొరకు సర్కారు సీజనల్ హాస్టలు తెరచిన చోట చేర్పింపవచ్చును. లేనిచోట అవ్వ తాతలకు తోడు కావలెను. ఆరాధనలో ఆమె మాట యిచ్చినప్పుడు ఆమేన్ అన్నది మనమే గదా?

1938లో మాచాని సోమప్ప స్థాపించిన నేతగాండ్ర సహకార సంఘము వలన పేరుగాంచిన ఎమ్మిగనూరులో, మగ్గము సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. పడుగులో పోగు తెగినచో నేతగాడు అక్కడనే ఆగి ముడివేయును. చూడక సాగిపోయినచో ఆ సందు బట్ట వెంబడి వచ్చుచునే యుండును. అయితే ఒక పోగు తెగినదని పడుగంతయు కోసి పారవేయువాడు లేడు. జనవరిలో తప్పిన ప్రార్థనను ఈ రాత్రి మొదలుపెట్టుడి. గుంటూరులో ఒకరు, ఇక్కడ ఒకరు, ఫోనులో అయిదు నిమిషములు చాలును. త్రాగుడు మానినవానికి కూలి చేతికివచ్చు సాయంకాలమే ఒక స్నేహితుడు ఫోను చేయవలెను; ఆదివారము చేసిన లాభము తక్కువ.

సంఘ పెద్దలు ఈ ఆదివారము ఆరాధన ముగియగానే తాళము వేసిన యిండ్ల పట్టిక వ్రాయుదురు గాక. ఒక్కొక్క యింటి ఎదుట బిడ్డ పేరు, తరగతి, ఇప్పుడున్న చోటు వ్రాయవలెను. వేసవి పరీక్షలకు ఇంక ఎక్కువ దినములు లేవు. ఆ పట్టికలోని ఒక్కొక్క బిడ్డకు ఎవరి యింట చాప పరతురో, ఆ పేరును ప్రక్కనే వ్రాయుడి.