బాలుర మనస్సు - ఆహార ధర్మము

మానవ శరీరమునకు అన్నము ఆధారమని ఎరుగనివారు లేరు. మనస్సునకు సైతము అన్నమే ఆధారమని శ్రుతి బోధించుచున్నది. ఈ బోధ పెద్దల విషయమున ఎంత సత్యమో, పసిబిడ్డల విషయమున అంతకు పదిరెట్లు సత్యము. పెద్దలు తమకు హితమైనదానిని గ్రహింపగలరు, కానిదానిని విడువగలరు. శిశువునకు ఆ స్వాతంత్ర్యము లేదు. ఇతరులు పెట్టినదియే వాని ఆహారము. దానితో ఏర్పడినదియే వాని మనస్సు. కావున బాలుర ఆహారము వంటయింటి విషయము మాత్రమే కాదు. ధర్మవిచారణకు తగిన విషయము.

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయమున ఉద్దాలక మహర్షి తన కుమారుడగు శ్వేతకేతువునకు ఈ తత్త్వమును ఉపదేశించెను. భుజించిన అన్నములోని స్థూలభాగము మలముగను, మధ్యమభాగము మాంసముగను, సూక్ష్మభాగము మనస్సుగను పరిణమించునని తండ్రి చెప్పెను. పెరుగును చిలికినపుడు దాని సారము పైకి తేలి నేయి అగునట్లే, అన్నసారము మనస్సగునట. కుమారునకు సంశయము తీరలేదు. తండ్రి వాదమును పెంచక, పదునైదు దినములు భుజింపక నీరు మాత్రము త్రాగుచుండుమని ఆజ్ఞాపించెను. పదునారవ దినమున వేదమంత్రములను చెప్పుమని అడుగగా, పండ్రెండేండ్లు గురుకులవాసము చేసి సకల వేదములను అభ్యసించి వచ్చిన శ్వేతకేతువునకు ఒక్కటియు స్ఫురింపలేదు. “పోయి భుజించి రమ్ము, అప్పుడు తెలియగలదు” అని తండ్రి పంపెను. భుజించి వచ్చిన పిదప కుమారుడు అడిగినదెల్ల చెప్పగలిగెను. చల్లారిన అగ్నిలో మిణుగురంత నిప్పుకణము మిగిలియుండి, గడ్డి వేయగనే మరల ప్రజ్వరిల్లినట్లు ఆతని జ్ఞాపకశక్తి వెలుగొందెను.

ఈ ఉపాఖ్యానమున ఉద్దాలకుని ప్రవర్తన విశేషముగా గమనింపదగినది. కుమారుడు చదివిన చదువు నశింపలేదు. దానిని వెలికిదీయు శక్తి మాత్రమే సన్నగిల్లినది. తండ్రికి ఆ సంగతి తెలియును. అందుచేత ఆయన కుమారుని మందబుద్ధి అని నిందింపలేదు. ముందు అన్నము పెట్టించి, పిమ్మట పాఠము అడిగెను. నేడు పాఠము అప్పజెప్పలేని బాలుని చూచి సోమరి అనువారు పెక్కుమంది. “నాయనా, ప్రొద్దున ఏమి తింటివి?” అని అడుగువారెందరు?

ఆధునిక శాస్త్రము ఈ విషయమున ఉపనిషత్తుకు దగ్గరగనే నడచుచున్నది. జన్మించునాటికి శిశువు మెదడు పెద్దవారి మెదడులో ఇంచుమించు నాల్గవవంతు మాత్రమే ఉండును. రెండేండ్లు నిండునప్పటికి అది నాలుగింట మూడువంతులకు చేరును. ఐదారేండ్ల ప్రాయమున శరీరము వినియోగించు శక్తిలో ఇంచుమించు 40 శాతము మెదడొక్కటియే గైకొనును. ఈ దశలో ఇనుము కొరవడిన బిడ్డ త్వరగా అలసిపోవును. చెప్పిన మాటపై దృష్టి నిలుపజాలడు. ఆ లోటును తరువాత మందులతో తీర్చినను, నష్టము పూర్తిగా పూడకపోవచ్చును. గర్భిణికి అయొడిను మిక్కిలి కొరవడినచో శిశువు బుద్ధివికాసమే కుంటుపడును. మన దేశమున 2019-21 నడుమ జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆరు నెలలు మొదలు ఐదేండ్లలోపు పిల్లలలో 67 శాతము మంది రక్తహీనులని తేలినది. ఈ సంఖ్య ఏ ఒక్క కులమునకో, ఏ ఒక్క గ్రామమునకో చెందినది కాదు.

అట్లయిన బాలుని గుణదోషములన్నియు అన్నమువలననే కలుగునా? ఇచట తొందరపాటు తగదు. ఆహారశుద్ధిని గూర్చిన శ్రుతికి మన ఆచార్యులు రెండు విధములుగా అర్థము చెప్పియున్నారు. భగవద్రామానుజులు శ్రీభాష్యమున వాక్యకారుని అనుసరించి, జాతి, ఆశ్రయ, నిమిత్త దోషములు లేని అన్నముచే కలుగు కాయశుద్ధిని వివేకమని వివరించిరి. ఆహారమనగా ఇంద్రియముల ద్వారా లోనికి గైకొను శబ్దాది విషయములని శంకర భగవత్పాదులు వ్యాఖ్యానించిరి. బిడ్డను పెంచు గృహస్థునకు ఈ రెండు అర్థములును ఆవశ్యకములే. ప్రహ్లాదుని చరిత్రము దీనికి నిదర్శనము. ఆతడు పెరిగినది హిరణ్యకశిపుని ఇంట. తినినది ఆ ఇంటి అన్నమే. అయినను గర్భస్థుడై యున్నపుడు నారదుని ఆశ్రమమున వినిన భాగవత ధర్మము ఆతని మనస్సును విడువలేదు. తల్లి మరచినది, కుమారుడు మరువలేదు. నోటికి పెట్టు అన్నముతోపాటు చెవికి పెట్టు అన్నము సైతము ఉన్నదని దీనివలన తెలియుచున్నది.

కావున బిడ్డ చంచలుడైనంతనే తల్లి వంటను తప్పుపట్టుట న్యాయము కాదు. తీపి తినుటచేతనే పిల్లలు అల్లరి చేయుదురని లోకమున నమ్మిక కలదు. అంతవరకు జరిగిన పరీక్షలను కలిపి 1995లో పరిశీలించిన వైద్యులకు ఆ నమ్మికకు ఆధారము కనుపింపలేదు. అయినను దంతములకు, దేహమునకు అతితీపి చేటే. కొన్ని కృత్రిమ వర్ణములను, సోడియం బెంజోయేటును కలిపిన పానీయములచే పిల్లలలో చాంచల్యము కొంత హెచ్చినట్లు 2007లో ఇంగ్లండునందలి సౌతాంప్టనులో జరిగిన పరిశోధన తెలిపినది; అదియును అందరు పిల్లలయందు ఒకే రీతిగా కనుపింపలేదు. కొందరు బిడ్డల చాంచల్యము పుట్టుకతో వచ్చినది. దానికి వైద్యుని సలహాయు, పెద్దల ఓర్పును కావలయును గాని నింద కాదు.

మరి గృహస్థుడు చేయదగినదేమి? ముందుగా భోజన క్రమమును చూడవలయును. అతిథిపూజను విధించిన మనుధర్మశాస్త్రమే, క్రొత్త కోడలికి, బాలికలకు, రోగులకు, గర్భిణులకు అతిథికంటె ముందుగా సంకోచింపక అన్నము పెట్టవలెనని విధించినది. మన ఇండ్లలో జరుగుచున్నదేమి? అందరును తినిన పిదప మిగిలినదానితో సరిపెట్టుకొను గర్భిణులు నేటికిని కలరు. దానిని త్యాగమని మెచ్చుకొనువారు ఒక్క సంగతి మరచుచున్నారు. ఆమె పస్తు ఆమెతో ఆగదు. గర్భమునందున్న శిశువు మనస్సున ప్రవేశించును. ఉపవాసము విషయమునను అంతే. ఏకాదశీవ్రతమును ఎనిమిదేండ్లు దాటినవారికే శాస్త్రము విధించినది. పసివారిచే పస్తుండజేసి పుణ్యమును కోరుట శాస్త్రసమ్మతము కాదు.

సాత్త్వికాహారము ఖరీదైనదియు కాదు. రాగిజావ, కందిపప్పు, తోటకూర, మునగాకు, పెరుగు, వేరుసెనగలు, ఋతువునకు దొరకు పండ్లు సామాన్యుల ఇండ్లలో ఎరిగినవే. ఆకుకూరతో నిమ్మరసము చేరినచో అందలి ఇనుము బాగుగా ఒంటబట్టును. భోజనముతో త్రాగు తేనీరు దానిని అడ్డగించును. శాకాహారుల పిల్లలకు పాలు, పెరుగు తప్పనిసరి. బి12 అను పోషకము కూరగాయలలో లభింపదు. అయొడిను కలిపిన ఉప్పును వాడవలయును.

ఇంతటితో ధర్మము పూర్తియగునా? తమకొరకే వండుకొనువారు పాపమునే భుజించుచున్నారని గీతాచార్యుడు మూడవ అధ్యాయమున హెచ్చరించెను. తన బిడ్డకు నేయి వడ్డించి, తన ఇంట అంట్లు తోము స్త్రీ బిడ్డ వట్టి కడుపుతో బడికి పోవుటను చూచియు ఊరకుండు గృహస్థుని అన్నమునకు శుద్ధి ఎక్కడిది? 2001 నవంబరు 28వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో వండిన అన్నము పెట్టవలెనని ఆదేశించినది. ఆంధ్రప్రదేశమున 2003 జనవరిలో ఆ పథకము ఆరంభమైనది. మధ్యాహ్నపు ఆకలి కొంత తీరినది. ఉదయపు ఆకలి మాత్రము ఇరుగుపొరుగు కన్నులకే కనబడును.

పెరుమాళ్ళకు ఆరగింపు చేసిన అన్నములో ఒక గిన్నెడు అట్టి బిడ్డకు చేరినచో నైవేద్యమునకు లోపము కలుగదు. పైగా అప్పుడే అది ప్రసాదమను పేరునకు తగును. ఏ బిడ్డ లోపల ఏ నిప్పుకణము రగులుచున్నదో ఎవరెరుగుదురు? దానిపై గుప్పెడు గడ్డి వేయు భాగ్యమును సర్వాంతర్యామియగు శ్రీమన్నారాయణుడు ప్రతి గృహస్థునకు ప్రసాదించుగాక.