ఆమే ఈమె

పోయిన శ్రావణంలో ఒక సాయంత్రం, మా అన్నయ్య కూతురి పెళ్ళి ఫోటో ఒకటి నా ల్యాప్‌టాప్ తెర మీదికి వచ్చింది. పెళ్ళికూతురి ముఖం చుట్టూ సన్నని గీతలతో ఒక గడి. గడి కింద చిన్న అక్షరాలతో ఒకే మాట: ‘అమ్మ?’ పక్కన రెండు గుర్తులు, ఒకటి అవుననడానికి, ఇంకొకటి కాదనడానికి.

అమ్మ పోయి అప్పటికి ఎనిమిది నెలలు. పెళ్ళినాటికి ఆ పిల్లకు ఇరవై నాలుగేళ్ళు. కాదనే గుర్తు నొక్కితే సరిపోయేది. చాలాసేపు నా వేలు కదల్లేదు.

మార్గశిరంలో అమ్మ సంవత్సరీకం వస్తుందని మా అమ్మాయి ముందే హైదరాబాదు నుంచి వచ్చి ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ ఒకచోట చేర్చింది. పాత ఫోన్లు రెండు, అన్నయ్య కెమెరా కార్డులు, ఒక హార్డ్ డిస్క్, బీరువాలో నల్ల కాగితాల ఆల్బమ్‌లు. ఆల్బమ్‌లలోవి ఒక్కొక్కటీ స్కాన్ చేసింది. మొత్తం పదకొండు వేల పైచిలుకు తేలాయి. “పటం కట్టించడానికి నానమ్మది మంచి ఫోటో నువ్వే ఎంచు నాన్నా” అని, ఫోటోలు చూసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టి, వాడే తీరు నేర్పి వెళ్ళింది. బొమ్మలను చిన్నవి చేసి ఒక్క తెర మీద వంద చూడొచ్చు. పెద్దవి చేసి ఒక్కదాని దగ్గరే ఆగొచ్చు. తేదీల వరుసలో పెట్టుకోవచ్చు, నచ్చినవాటికి నక్షత్రాలు వేసుకోవచ్చు, మనుషులకు పేర్లు రాసుకోవచ్చు. ఒక మనిషిని కొన్ని ఫోటోల్లో మనం చూపిస్తే మిగతాచోట్ల తనే వెతికి అడుగుతుంది. ఈ సౌకర్యం 2009లో ఐఫోటో, పికాసాలతో మామూలు ఇళ్ళలోకి వచ్చిందట. నా ఇంటికి రావడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను పిల్లలకు తర్కసంగ్రహం చెప్పాను. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన చిన్న పుస్తకం అది. అందులో స్మృతికి లక్షణం చెప్పే చోట ఏటా ఒక పూట ఆగేవాణ్ణి. ఎప్పుడో చూసినదాని ముద్ర మనసులో మిగులుతుంది, దాన్నే సంస్కారం అంటాం. ఆ సంస్కారం ఒక్కదాని వల్లే పుట్టేది స్మృతి. ‘ఒక్కదాని వల్లే’ అని ఎందుకు పట్టుబట్టాలని ఎవరో ఒక పిల్లవాడు తప్పకుండా అడిగేవాడు. ప్రత్యభిజ్ఞను వేరు చేయడానికి నాయనా, అనేవాణ్ణి. ప్రత్యభిజ్ఞ అంటే గుర్తుపట్టడం. దానికి సంస్కారం ఒకటే చాలదు, మనిషి కళ్ళెదుట కూడా ఉండాలి. ఎప్పుడో కాశీలో చూసిన దేవదత్తుణ్ణి ఇప్పుడు మన వీధిలో చూసి ‘ఆ దేవదత్తుడే వీడు’ అంటాం. ‘ఆ’ అన్నది సంస్కారం ఇస్తుంది, ‘వీడు’ అన్నది కన్ను ఇస్తుంది. రెంటినీ కలిపి ‘ఏ’ అని నొక్కి చెప్పేది ఎవరు? ఆ ఒక్క అక్షరం దగ్గర మన దర్శనాలు వందల ఏళ్ళు వాదించుకున్నాయి. పాఠం చెప్పినన్నాళ్ళూ అది నాకు పరీక్షలో వచ్చే ప్రశ్నగానే ఉంది. అమ్మ ఫోటోల ముందు కూర్చున్నాక నా సొంత ప్రశ్న అయింది.

ఎందుకంటే సాఫ్ట్‌వేర్ అమ్మను ముగ్గుర్ని చేసింది. 1961లో పెళ్ళిపీటల మీద పదిహేడేళ్ళ అమ్మ, ఆ తర్వాత మమ్మల్ని చంకనేసుకున్న అమ్మ ఒక కుప్ప. కళ్ళజోడు వచ్చి జుట్టు నెరిసిన అమ్మ ఇంకో కుప్ప. చివరి ఏడాది దవడలు లోపలికి పోయి, కళ్ళు పెద్దవైన అమ్మ మూడో కుప్ప. ముగ్గురూ ఒకరేనని దానికి తోచలేదు. మనవరాలిలో మాత్రం అమ్మ ఉందేమోనని తోచింది. మా అమ్మాయి ఫోన్‌లో చెప్పింది, అది ప్రతి ముఖాన్నీ ఒక అంకెల వరుసగా మారుస్తుందట. రెండు వరుసల మధ్య దూరం తక్కువైతే ఒకే మనిషేమోనని అడుగుతుంది, ఎక్కువైతే వేరే మనిషిగా పక్కన పెడుతుంది.

అంటే అది చూసేది పోలికను. పోలిక చాలునా అన్నది పాత ప్రశ్నే. బౌద్ధ భిక్షువు నాగసేనుడు మిళింద రాజుకు దీపాన్ని చూపించాడు. మొదటి జాములో వెలిగిన జ్వాల, చివరి జాములో వెలిగే జ్వాల ఒకటే అనలేం, వేరే అనలేం. రాత్రంతా వెలిగినది మాత్రం ఆ దీపమే. తర్వాతి బౌద్ధ తార్కికులు ఇంకా గట్టిగా అన్నారు. ప్రతిదీ క్షణక్షణం పోయి కొత్తది పుడుతోంది, కొత్తది పాతదానిలా ఉండటం వల్ల ఒకటే అనుకుంటున్నాం, కోశాక మళ్ళీ పెరిగిన గోళ్ళను ‘అవే గోళ్ళు’ అన్నట్టు. బౌద్ధం వర్ధిల్లిన గుంటూరు సీమలో పుట్టినవాణ్ణి, ఈ మాటను తేలిగ్గా తీసెయ్యలేను. మూడు కుప్పలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ పెళ్ళికూతురు, ఆ ముసలామె ఏ విధంగా ఒకటి? ఎముక మీద చర్మం అది కాదు, చూపు అది కాదు, గొంతు కూడా మారిపోయింది.

కృష్ణా పుష్కరాల ఫోటోలు చూస్తుంటే ఈ సంగతి ఇంకా లోతుకు దిగింది. 2004లో అమరావతి ఘాట్ మెట్ల మీద అమ్మ, 2016లో అవే మెట్ల మీద అమ్మ. కెమెరా గడియారం చెడి 2004 ఫోటోలన్నీ తేదీల వరుసలో 2000 జనవరి 1 కింద చేరాయి, వాటిని వెతికి పట్టుకోవడానికే రెండు పూటలు పట్టింది. పన్నెండేళ్ళలో ఆ రేవు దాటి ఎంత నీరు పోయిందో. అయినా ‘కృష్ణలోనే మునిగాం’ అంటాం. మునిగిన మనిషి కూడా అరవై నుంచి డెబ్భై రెండుకు వెళ్ళింది. నీరు మారినా నది పేరు నిలిచినట్టే, మనిషిలోనూ పేరొక్కటే నిలుస్తుందా?

శంకరులు బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయంలో దీనికి జవాబు చెప్పారు. గుర్తుపట్టినప్పుడు మనం ‘ఇది దానిలా ఉంది’ అనం, ‘అదే ఇది’ అంటాం. ఆ రెండూ వేర్వేరు జ్ఞానాలు. బయటి వస్తువు విషయంలో అదేనా, అలాంటిదా అని ఎప్పుడైనా సందేహం రావచ్చునని ఆయన ఒప్పుకున్నారు. చూసినవాడి విషయంలో ఆ సందేహానికి చోటు లేదు. నిన్న చూసినది నేనేనా, నాలాంటివాడా అని ఎవడూ అనుమానపడడు. ఇన్నేళ్ళూ ఈ వాక్యార్థాన్ని ఆత్మ నిత్యమని నిరూపించడానికి చెప్పాను. ఈ వర్షాకాలంలో అది నాకు ఇంకోలా అర్థమైంది. మూడు కుప్పల అమ్మలను ఒకటి చేసే దారం ఆ ముఖాల్లో వెతికితే దొరకదు. ఆ ముగ్గురినీ చూసినవాడు ఒక్కడే. అరుగు మీద నన్ను కూర్చోబెట్టి అన్నం కలిపి పెట్టిన చేతి ముద్ద తిన్నవాడూ, చివర్లో ఆ నోటికి చెంచాతో జావ పోసినవాడూ ఒక్కడే. ‘ఆమే ఈమె’ అని చెప్పగలిగే అధికారం అక్కడి నుంచి వస్తుంది.

ఎవరి మాటైనా వింటున్నప్పుడు అమ్మ ఎడమ చెయ్యి దవడకు ఆనించి, చూపుడువేలు చెవి దాకా చాచేది. మూడో కుప్పలో ఒక ఫోటో ఉంది, ఆసుపత్రి మంచం మీద, బయటివాళ్ళెవరూ ఆమె అనుకోని ముఖం. చెయ్యి మాత్రం దవడకు ఉంది. సాఫ్ట్‌వేర్ గీసిన గడి ముఖం వరకే, చెయ్యి గీత బయట ఉండిపోయింది. నేను ఆ చేతిని చూసి గుర్తుపట్టాను. మనవరాలి ఫోటోకు కాదనే గుర్తు నొక్కాను. ఆసుపత్రి ఫోటోకు అమ్మ పేరు నేనే రాశాను. ఆ రెండు పనులూ పోలికకు ఎదురు వెళ్ళి చేసినవే.

గడుల సంగతి వచ్చింది కనుక ఇంకో ఫోటో గురించి చెప్పాలి. అమ్మ కంటి ఆపరేషన్‌కు చెన్నై వెళ్ళినప్పుడు ఎగ్మోర్ మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూశాం. మన పలనాటి సున్నపురాయి, మన శిల్పుల చెయ్యి. అక్కడ తీసిన ఫోటోలో ఒక ఫలకం ఉంది. ఖాళీ ఆసనం, దాని ముందు పాదాల ముద్రలు, చుట్టూ వంగి మొక్కుతున్న మనుషులు. తొలినాళ్ళ శిల్పులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కలేదు. ఆసనమో, పాదాలో, చక్రమో, బోధివృక్షమో పెట్టి వదిలేశారు. సాఫ్ట్‌వేర్ ఆ రాతిముఖాల చుట్టూ కూడా గడులు గీసి ఎవరని అడిగింది. మొక్కేవాళ్ళందరికీ గడులున్నాయి. మొక్కులందుకునే ఆయనకు లేదు. వంద ముఖాలు చెక్కగల ఉలికి ఇంకొక ముఖం కష్టమయ్యేది కాదు. అయినా అక్కడ ఉన్నది ఎవరో మనకు తెలుస్తూనే ఉంది, వంగిన వెన్నుల వల్ల తెలుస్తోంది. గుర్తుపట్టినవాళ్ళను చెక్కితే చాలనుకున్నారు వాళ్ళు.

మన పితృకార్యంలోనూ ముఖం లేదు. పన్నెండోనాడు శాస్త్రిగారు అమ్మ పేరిట పెట్టిన పిండాన్ని మూడు భాగాలు చేయించి ముందు తరాలవారి పిండాల్లో కలిపించారు. అప్పటి నుంచి తర్పణంలో అమ్మ వసురూప, నాయనమ్మ రుద్రరూప, నాయనమ్మకు అత్తగారు ఆదిత్యరూప. గోత్రం, పేరు, దోసిట్లో నువ్వులు, నీళ్ళు. రూపమనే మాట ఉన్నా అది వసువులది, రుద్రులది, ఆదిత్యులది. పేరు పెట్టి పిలిచేది మూడు తరాల వరకే. ఆపైవారికి పిండం పెట్టాక చేతికి అంటిన అన్నాన్ని దర్భల మీద తుడుస్తాం. వాళ్ళను లేపభాక్కులంటారు, చేతికి అంటినది పుచ్చుకునేవాళ్ళు. మూడు తరాల దగ్గరే గీత ఎందుకని చిన్నప్పుడు నాన్నగారిని అడిగితే “అక్కడి దాకానేరా మనిషి మనిషిని చూసి ఉండేది” అన్నారు. అది శాస్త్రంలో చెప్పిన కారణం అవునో కాదో గాని, ఇప్పుడు నాకు అంతకంటే మంచి కారణం తోచడం లేదు. సంస్కారం చేరగలిగినంత దూరం పేరు పెట్టి పిలవాలి. అది చెల్లించవలసిన ఋణం.

ఆ ఋణాన్ని నేను పూర్తిగా చెల్లించలేకపోయానని ఈ ఫోటోల్లోనే తెలిసింది. ఎవరో తెలియని ముఖాలను సాఫ్ట్‌వేర్ విడిగా ఒకచోట పోగేసింది, వెయ్యికి పైనే ఉన్నాయి. వంటవాళ్ళు, సన్నాయి వాయించేవాళ్ళు, బంతిలో విస్తరి ముందు తలెత్తి చూసిన పిల్లవాడు. వాళ్ళ నడుమ 1961 పెళ్ళి ఫోటోలోని ఒకామె ఉంది. పీటల మీద అమ్మ వెనక నిలబడి, అమ్మ భుజం మీద చెయ్యి వేసి ఉంది. ఆ చేతి బరువులో ఎంత చనువుందో ఫోటోలోనే తెలుస్తుంది. ఎవరామె? మేనత్తా, నేస్తమా, పొరుగింటావిడా? అమ్మకు తెలుసు. అమ్మ ఎనభై ఏళ్ళ దాకా మా మధ్యే తిరిగింది, ఒక మధ్యాహ్నం ఆ ఆల్బమ్ ముందు వేసుకుని పక్కన కూర్చుంటే చెప్పేది. నేను కూర్చోలేదు. అన్నయ్యా పోయాడు. ఇప్పుడు ఫోటో చెక్కుచెదరకుండా ఉంది, స్కాన్‌లో ఆమె చెవి కమ్మల రాళ్ళు లెక్కపెట్టొచ్చు, కాని ‘ఆ’ అని చెప్పగల సంస్కారం భూమ్మీద ఎక్కడా మిగల్లేదు. బొమ్మ దాచుకుంటే మనిషిని దాచుకున్నట్టే అనుకునేవాళ్ళకు నేను చెప్పదలుచుకున్నది ఇదే. బొమ్మ సగమే. రెండో సగం ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర ఉంది, వాళ్ళతో పాటు వెళ్ళిపోతుంది. ఉండగానే కూర్చుని పేర్లు అడగడం పితృకార్యంలో మొదటి భాగమని నేను నమ్ముతున్నాను.

తెలియని ముఖాలను ఇక అడగవద్దని పక్కకు నెట్టేసే వీలు కూడా ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. నేను నెట్టలేదు. ఆమె గడిలో ‘అమ్మకు తెలిసినామె’ అని రాశాను. రాసిన పేరు ఫోటో ఫైలు లోపలే భద్రపడేట్టు మా అమ్మాయి ముందే అమర్చింది, ఈ ఫోటో రేపు ఎవరి చేతికి వెళ్ళినా ఆ మాట వెంట వెళుతుంది.

మర్నాడు తెరిచేసరికి ఇంకో ముఖం ఎదురుచూస్తోంది. 1974లో అన్నయ్య ఉపనయనం నాటి ఫోటో. పందిరి రాట పక్కన నిలబడిన నడివయసు ఆవిడ చుట్టూ గడి, కింద అదే తీరు ప్రశ్న: ‘అమ్మకు తెలిసినామె?’ చాలాసేపు చూశాను. కమ్మలు వేరు. నుదురు అలాగే ఉంది. ‘అలాంటిది’ వరకు నేను వెళ్ళగలను, ‘ఆమే’ అనడానికి నా దగ్గర ఏమీ లేదు. అవుననే గుర్తూ నొక్కలేదు, కాదనే గుర్తూ నొక్కలేదు. అది ఇప్పటికీ అలాగే ఉంది.

మార్గశిర శుద్ధ దశమినాడు ఆబ్దికం నా చేతి మీదుగా జరిగింది. తర్పణం ముగిసే ముందు ఒక దోసిలి ఉంటుంది. తల్లి, తండ్రి, బంధువు, గోత్రం చెప్పేవాళ్ళు ఎవరూ లేనివారికి ఆ నీళ్ళు. ఏటా నాన్నగారికి చేసేటప్పుడు అది చెయ్యి దాటి వెళ్ళిపోయేది. ఈసారి ఆగింది. భుజం మీద చెయ్యి వేసినామె, రాట పక్కన నిలబడినామె కళ్ళముందుకు వచ్చారు. ఒకరైతే ఒకరికి, ఇద్దరైతే ఇద్దరికీ అనుకుని నీళ్ళు వదిలాను.