ఖాళీ అనబడు ట్యాంకు

పెట్రోలు నిండుగానున్న ట్యాంకుకంటె ఖాళీ ట్యాంకు ఎక్కువ అపాయకరమైనదని మోటారు పనివారు ఎరుగుదురు. కారు గలవారిలో చాలమంది ఎరుగరు. ఎరుగనివాని చేతిలో పని చెప్పు అధికారము ఉండుటయు, ఎరిగినవానికి కాదను వీలు లేకుండుటయు మనము ఆలోచింపవలసిన సంగతి. ఒకడు తనంతట తాను ఒప్పుకొని చేయు పనిలోని అపాయమునకు, ఆ పని చెప్పినవాడు బాధ్యుడగునా?

అంబాసిడరు కార్ల తయారీ 2014లో నిలిచిపోయినను, వాటిని ఇప్పటికిని ప్రేమతో నడుపుకొనువారు కలరు. పాత జీపులవారును అట్లే. ఈ బండ్ల ట్యాంకులు ఇనుప రేకుతో చేసినవి. బండిని నెలల తరబడి సగము ఖాళీ ట్యాంకుతో నిలిపియుంచినయెడల, రాత్రి చల్లదనమునకు లోపలి తేమ నీటి బొట్లయి రేకును పట్టును. నీరు పెట్రోలుకంటె బరువు గనుక అడుగునకు దిగి అచ్చటనే తుప్పు పుట్టించును. నిలువయున్న పెట్రోలు జిగురువలె మారును. ఇది చాలదన్నట్లు, 2025 నాటికి మన దేశపు పెట్రోలులో నూటికి 20 పాళ్ల వరకు ఇథనాలు కలుపుచున్నారు. అది తేమను పీల్చుకొనును. పాత జిగురును కదిలించి ముందుకు త్రోయును. పాత రబ్బరు గొట్టములను చెరుపును. అంతట కార్బురేటరులో మడ్డి చేరి బండి దారిలో నిలిచిపోవును. ఫిల్టరు మార్చినచో నాలుగు దినములు నడచును, మరల నిలుచును. ఇక ట్యాంకు దింపవలసినదే.

దింపుట గొప్ప కష్టము కాదు. మొదట బ్యాటరీ తీగ విప్పవలెను. మిగిలిన పెట్రోలును రేకు డబ్బాలోనికి తీసి గట్టిగా మూత వేయవలెను. పిమ్మట పెట్రోలు పోయు గొట్టమును, ఇంజనునకు పోవు సన్నగొట్టమును, గేజి తీగను విడదీసి బోల్టులు విప్పుదురు. జీపులోనైతే ట్యాంకు డ్రైవరు సీటు క్రిందనే యుండును. సబ్బునీటితో బాగుగా కడిగినమీదట, లోపల గుప్పెడు నట్లో చిన్న గొలుసో వేసి, నీటితోకూడ ఊపి తుప్పు రాల్చుదురు. చేతులు పడిపోవునంతసేపు ఊపవలెను.

అపాయము ఎక్కడ కలదనగా, మండునది ద్రవముగానున్న పెట్రోలు కాదు, దాని ఆవిరి. గాలిలో ఆ ఆవిరి నూటికి సుమారు 1.4 పాళ్లు మొదలు 7.6 పాళ్ల వరకు ఉన్నప్పుడే నిప్పంటుకొనును. నిండు ట్యాంకులో ఆవిరి మరీ ఎక్కువ, గాలి చాలదు. ఖాళీచేసిన ట్యాంకులోనికి గాలి ప్రవేశించి సరిగా ఆ కొలత కుదురును. అంతేకాదు, ఆ ఆవిరి గాలికంటె బరువైనది; షెడ్డులోని గుంటలోనికి దిగి కంటికి కనబడక నిలుచును. కడిగి ఆరబెట్టిన ట్యాంకులో సహితము, రేకుల అతుకులలో దాగిన పెట్రోలు వేడి తగులగానే మరల ఆవిరియగును. చిల్లు పూడ్చుటకు మంట పట్టుకొనినవాడు దాని యెదుటనే కూర్చుండును.

మార్గములు లేకపోలేదు. పలుమారులు వేడినీటితో కడుగవచ్చును. చిల్లు దగ్గర కొంచెము మాత్రము చోటు విడిచి ట్యాంకును నీటితో నింపవచ్చును. అయితే ఇవన్నియు కాలము కోరును. మనమో, “సాయంకాలమునకు బండి కావలెను” అందుము.

“వానికి పని తెలియును, వాడే ఒప్పుకొనెను, కూలి ఇచ్చితిమి గదా” అని కొందరు వాదింతురు. ఈ వాదములో కొంత న్యాయము లేకపోలేదు. పనివాడు పసిబిడ్డ కాడు. వాని చెంత నిలువబడి మనము బోధ చేయుట వానికి అవమానము, పనికి ఆటంకము. కాని వాని ఒప్పుదలను కొంచెము పరీక్షించి చూతము. కాదన్నచో బండి ప్రక్క షెడ్డునకు పోవును, ఆనాటి కూలియు పోవును. ఆకలి సగము పలికిన మాటను పూర్తి సమ్మతిగా లెక్కించుట మాకు సరిగా తోచదు.

రెండవ సమూయేలు 23వ అధ్యాయములో దావీదు బేత్లెహేము గుమ్మము దగ్గరి బావి నీళ్లు కావలెనని ఆశపడెనేగాని, ఎవరిని పొమ్మని ఆజ్ఞాపించినట్లు లేదు. ముగ్గురు శూరులు తమంతట తామే ఫిలిష్తీయుల దండులోనుండి చొచ్చుకొనిపోయి తెచ్చిరి. అతడు త్రాగక, ఆ నీళ్లను దేవునికి పారబోసెను. వారి శ్రమ వ్యర్థమాయెను గదా అని ఈ కథ చదువునప్పుడెల్ల మాకు కొంచెము నొప్పి కలుగును. అయినను, తన నోటిమాటకై ప్రాణమిచ్చుటకు సిద్ధముగానున్నవారి యెదుట తేలికగా ఏదియు కోరరాదని రాజు ఆ దినమున గ్రహించియుండవచ్చును. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, క్రొత్త ఇంటి మీద పిట్టగోడ కట్టించుమని ఇంటివానికే ఆజ్ఞ కలదు. మిద్దెమీదనుండి పడువాడు తన కాళ్లతో తానే ఎక్కినవాడని అచ్చట మినహాయింపు లేదు.

మనమైతే బండిని పారబోయనక్కరలేదు. పనివాని చేతిలోని నిర్ణయమును లాగుకొననక్కరలేదు. వానిని వెనుకనుండి త్రోయుచున్న తొందరను, బేరమును తీసివేసిన చాలును: “రేపు కాదు, ఎల్లుండి ఇమ్ము, కడిగిన దినమునకును కూలి ఇత్తుము, అతుకు పనికిరాదని నీకు తోచినచో వేరొక ట్యాంకు వెదకుదము.” ఎల్లుండి వరకు మనము బస్సులో తిరుగవలసి వచ్చును. ఆ కడిగిన మడ్డినీళ్లు బావి దగ్గరను, కాలువలోను పోయకుండుటకు ఒక డబ్బాయు మనమే తీసికొనిపోయి ఇయ్యవచ్చును. ట్యాంకు ఆ రాత్రి రెండు ఇటుకలమీద బోర్లించియుండి, ఎవరి తొందరయు లేక, తన కాలము తాను తీసికొని ఆరును.