ఎవరి ఎత్తు, ఎవరి ఒళ్లు

గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్ల వల్ల వచ్చే ఇబ్బందుల జాబితా దాచిపెట్టిందేమీ కాదు. తలనొప్పి, ఒళ్లు నీరు పట్టడం, కీళ్లనొప్పులు, రక్తంలో చక్కెర పెరగడం. అరుదుగా పుర్రెలో ఒత్తిడి పెరిగి చూపు మసకబారుతుంది. ముందే ఉన్న వెన్నువంకర ఎక్కువ కావొచ్చు. చాలావరకు మోతాదు తగ్గిస్తే సర్దుకుంటాయి. ఎప్పుడైనా తుంటి దగ్గర తొడ ఎముక తల జారితే మాత్రం ఆపరేషనే. పిట్యూటరీ గ్రంథి ఈ హార్మోన్ని సరిగ్గా తయారుచేయని పిల్లలకి ఇది లేనిదాన్ని పూడ్చే వైద్యం. వాళ్ల విషయంలో ఈ జాబితా చూసి వెనకాడటమే అన్యాయం.

చిక్కల్లా జబ్బేమీ లేకుండా పొట్టిగా ఉన్న పిల్లల దగ్గర వస్తుంది. కారణం తెలియని పొట్టితనానికి కూడా వాడొచ్చని అమెరికాలో ఎఫ్‌డీఏ 2003లో అనుమతించింది, అదీ మరీ పొట్టిగా ఉన్నవాళ్లకే. రోజూ ఒక సూది చొప్పున కొన్నేళ్లు పొడిపించుకుంటే అదనంగా వచ్చే ఎత్తు సగటున 4 నుంచి 7 సెంటీమీటర్లు. సగటు కాబట్టి కొందరికి అంతకూడా రాదు. సూదీ అదే, జాబితా అదే. తక్కెడ రెండో వైపున మాత్రం జబ్బు బదులు ఒక ఆశ ఉంది.

ఆ ఆశని తేలిగ్గా తీసెయ్యలేను. తెలంగాణలో కానిస్టేబుల్ కొలువుకి మగవాళ్లు సాధారణంగా 167.6 సెంటీమీటర్లుండాలి, ఆడవాళ్లు 152.5. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ 2015లో మూతపడ్డాక బోధన్‌లో ఒక తండ్రి ఈ అంకెల్ని గుర్తుపెట్టుకుంటే అది అతని పిచ్చి కాదు. మా బావ ఇదే సంగతి మీద నన్ను నిలదీశాడు. “పండ్లకు తీగలు ఏపిస్తలేమా? హాస్టల్ల ఏస్తలేమా? అన్నీ పోరగాండ్లను అడిగే చేస్తున్నమా?”

అడిగి చెయ్యం, నిజమే. కానీ హాస్టల్ నచ్చకపోతే ఇంటికి తెచ్చుకోవచ్చు. ఇక్కడ కోరిక తండ్రిది, తుంటి పిల్లాడిది. వాడు పెద్దయ్యాక పోలీసవుదామనుకుంటాడో లేదో కూడా తెలియదు. వెయ్యికి పైగా రాత్రులు సూది పొడిచి మనం వాడికి చెప్పేది మాత్రం ఒకటుంది: నువ్వు ఉన్నట్టుంటే చాలదు అని. మందు డబ్బాలోని కాగితం మీద ఈ ఇబ్బంది రాసి ఉండదు.

ఇంకో సంగతి. 1985 దాకా ఈ హార్మోన్ని శవాల గ్రంథుల నుంచి తీసేవాళ్లు. అది తీసుకున్న కొందరు ఏళ్ల తర్వాత క్రాయిట్స్‌ఫెల్ట్-యాకోబ్ అనే మెదడు జబ్బుతో చనిపోయారు. ఒక్క ఫ్రాన్స్‌లోనే వందమందికి పైగా. ఇప్పటి మందు ల్యాబ్‌లో తయారవుతుంది, ఆ ముప్పు లేదు. కానీ “ఇంతవరకు ఏమీ కనపడలేదు” అన్నదీ “ఏమీ లేదు” అన్నదీ ఒకటి కావని ఆ పిల్లల చావులు చెప్పాయి. హార్మోన్ లోపం ఉన్న బిడ్డ కోసం ఆ తేడాని భరించవచ్చు, భరించాలి కూడా. లేని బిడ్డ మీద దాన్ని మోపే హక్కు ఎవరిది?

కనుక ముందు పరీక్షలు చేయించాలి: ఏడాదికెంత పెరుగుతున్నాడు, మణికట్టు ఎక్స్‌రేలో ఎముక వయసెంత, థైరాయిడ్ ఎలా ఉంది, అవసరమైతే హార్మోన్ పరీక్ష. లోపం తేలితే భయపడకుండా సూది ఇప్పించాలి. తేలకపోతే, కొలువుల నిబంధన మార్చమని సర్కారుతో కొట్లాడదాం, ఆ కొలత అడగని పని వెతుకుదాం. ఈ రెండూ కష్టమే. ఆ కష్టం పెద్దవాళ్లం మనం పడాల్సింది.