ప్రకృతి యుపకారములు – వాని విభాగము

ఉపకారమును పొందినవారు దానిని గుర్తెఱుగుట మొదటి ధర్మము. 1,360 మందికి పైబడిన పండితులు కూడి 2005వ సంవత్సరమున ప్రకటించిన సహస్రాబ్ది జీవావరణ సమీక్ష, ప్రకృతి మన కొనర్చు నుపకారములను నాలుగు తరగతులుగా నేర్పఱచినది. అన్నోదకముల నొసంగునవి మొదటివి. వరదను, వేడిమిని, తెగుళ్లను అదుపున నుంచునవి రెండవవి. మనస్సునకు శాంతిని, జ్ఞానమును గలిగించునవి మూడవవి. ఈ మూటికిని ఆధారమై, మట్టిని సారవంతము చేయుట వంటివి నాల్గవవి.

ఈ విభాగమును పుట్టపర్తి యొద్ద పరీక్షింతము. పడమటి కనుమల చాటున నున్న ఈ సీమకు ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే గతి. చిత్రావతి పెక్కుమాసములు ఇసుక మేటయే. అయినను వాన కురిసినపుడు ఆ యేటి నీరు చేరువనున్న బుక్కపట్నపు చెఱువును చేరి పైరును పండించును. వరద వడిని తగ్గించి నేలలో నింకి బావుల యూటలను పెంచును. గట్టుమీద కూర్చున్నవారికి సేద దీర్చును. ఒండ్రును నిలిపి మట్టికి బలము నిచ్చును. ఒక్క నీరే నాలుగు తరగతులందును గలదు.

కాని యీ పట్టికయందు ఒక ప్రశ్న లేదు: ఈ యుపకారము ఎవరికి? న్యాయవాదినగు నాకు ఇది చిన్న లోపముగా దోపదు. 1882వ సంవత్సరపు ఈజ్‌మెంట్ల చట్టము, నియతమైన కాలువగా పాఱని భూగర్భజలమును తన హద్దులలో తోడుకొను హక్కు భూస్వామికి గలదని యొప్పుకొన్నది. కపిల తోలు దినములలో ఎద్దుల బలమే ఆ హక్కునకు మేర. బోరునకు అట్టి మేర లేదు. ఒకడు లోతుగా తోడినచో పొరుగువాని బావి యెండును. పొలము గట్టు నీటికి తెలియదు గదా! తోడినవాని లాభము మొదటి తరగతిలో లెక్కకు వచ్చును; ఎండిన బావి నష్టము ఏ లెక్కకును రాదు.

అప్పు చేసి బోరు వేయు బీదరైతును నిందింతురా యని కొందఱు ప్రశ్నింపవచ్చును. నిందింపను. ఒంటరివానికి వేఱు దారి చూపని గ్రామముదే ఆ దోషము. 2002లో వచ్చిన వాల్టా చట్టము బావుల త్రవ్వకమునకు కొన్ని నిబంధనలను విధించినది. కాని పొరుగువాని దప్పిని తలంపని యూరిలో చట్టము కాగితమే యగును.

మన పూర్వులు చెఱువు నీటిని వంతులుగా పంచుటకు నీరుగంటిని నియమించుకొనిరి. నేలపై నీటికి ఒప్పుకొన్న ఆ న్యాయమును నేలక్రింది నీటికి ఏల యొప్పుకొనరాదు? సోదరులారా, ఉపకారములను విభజింపుడు. కాని ప్రతి తరగతి యెదుటను పొందినవా రెవరో, కోల్పోయినవా రెవరో కూడ వ్రాయుడు. అపుడే ఆ పట్టిక ధర్మమునకు పనికివచ్చును.