మరపు వచ్చినవారికి దాసోహము

ఎదుట నిలిచిన కుమారుని గుర్తింపలేని తండ్రికి, భుజించిన మరుక్షణమే ఆ సంగతి మరచు తల్లికి చేయు సేవ దాసోహమగునా? సేవ పొందువారికే అది తెలియనపుడు ఫలమేమి? వృద్ధులున్న ఏ గృహమునకైనను రాగల ప్రశ్న ఇది.

లోకము దీనిని ముసలితనపు చాదస్తమని తోసివేయును. కాని ఇది మెదడునకు కలుగు వ్యాధి. వైద్యులు డిమెన్షియా అందురు. 1906లో జర్మనీ వైద్యుడు ఆల్జైమర్ వివరించిన వ్యాధి దీనికి ముఖ్యకారణము. 2023లో ప్రకటితమైన అంచనా ప్రకారము భారతదేశమున 60 ఏండ్లు దాటినవారిలో 7.4 శాతము, అనగా సుమారు 88 లక్షలమంది, దీనికి లోనైరి. స్త్రీలలోను, పల్లెలలోను ఇది అధికము. విటమిన్ బి12 లోపము వలనను, థైరాయిడ్ లోపము వలనను కలుగు మరపు చికిత్సకు లొంగవచ్చును గనుక మొదట వైద్యునికి చూపుట విధి.

ఎమ్మిగనూరులో జీవితమంతయు మగ్గము నేసిన వృద్ధులొకరిని తలచుడు. మనుమల పేర్లు మరచిరి. అయినను దారపు కండె చేతికిచ్చినచో వ్రేళ్లు పనిని గుర్తించును. బుద్ధి మరచిన కాయకము చేతులలో కొంతకాలము నిలుచును. ఆ చేతులకు చిన్న పని కల్పించుట, పొరపాటు పలికినపుడు వాదింపకుండుట, దినచర్యను మార్చకుండుట వారికి చూపదగిన గౌరవము.

వీరశైవ సంప్రదాయమున శిశువునకు లింగధారణ చేయుదురు. ఆ శిశువు లింగము నెరుగునా? ఎరుగదు. ఇంటివారే ఆ సంబంధమును దాని పక్షమున కాపాడుదురు. ఎరుకయే అర్హతయైనచో శిశువునకు లింగమెట్లు చెల్లును? పూజను మరచిన వృద్ధులకును న్యాయమిదియే. వారు మరచిన దానిని ఇంటివారు నిలుపవలెను.

అయితే భారమంతయు కోడలిపై మోపి దానికి ధర్మమని పేరిడుట అధర్మము. రాత్రులు నిద్రలేక, వీధిలోనికి వెడలిన మామగారిని వెదకి తెచ్చుచు ఆమె కృశించుచుండగా, ఆదోని ప్రత్తి మార్కెట్టు నుండి సాయంకాలము ఇల్లు చేరిన కుమారులు లోపములెన్నుట దాసోహము కాదు. బసవేశ్వరులు 12వ శతాబ్దమున బోధించిన దాసోహము ఒక్కరిపై మోపిన బరువు కాదు, పదిమంది పంచుకొను ఆచారము. కుమారులు రాత్రికావలి వంతులు వేసికొనవలెను. బంధువులు వారమున కొకపూటయైనను వచ్చి ఆమెకు విశ్రాంతి నీయవలెను. మఠములు పగటివేళ అట్టి వృద్ధులకు చోటు కల్పింపవచ్చును. సలహా కొరకు 14567 అను వృద్ధుల సహాయవాణి కలదు.

సేవ ఎవరు చేసిరో ఆ తండ్రికి తెలియకపోవచ్చును. కాని ఆకలి తీరినపుడు, మెత్తని మాట విన్నపుడు ఆయన మోము తేటపడును. దాసోహమునకు ఆ ఫలము చాలును.